దుబాయ్ పైసలు ఇంట్లో నిలవాలంటే

మా ఊరు జగిత్యాల జిల్లాలో కోరుట్లకూ మెట్‌పల్లికీ మధ్యన ఉంటుంది. పంచాయతీ ఆఫీసు పక్క గదిలో ఒక బల్ల, వేలిముద్ర మిషను, చేతిలో పట్టేంత ప్రింటరు. నా బ్యాంకంతా అదే. 2016 నుంచి అక్కడ బ్యాంక్ మిత్రగా కూర్చుంటున్నాను. దానికి ముందు పదహారేళ్లు దుబాయ్‌లో, మస్కట్‌లో షట్టరింగ్ కార్పెంటర్‌ని. మా దిక్కు బతుకుదెరువుకు మూడే బాయిలని చెప్పుకునేవాళ్లు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. మా నాన్న రెండోది చూశాడు, నేను మూడోది.

నెలలో ఐదో తారీఖు నుంచి పన్నెండు దాకా గది ముందు చెప్పులు నిండిపోతాయి. "కాకా, పడ్డయా?" అందరిదీ ఇదొక్కటే మాట. పడ్డాయంటే మొహం విప్పారుతుంది. పడలేదంటే అక్కడే గోడకు ఆనుకొని భర్తకు వాయిస్ మెసేజ్ పెడతారు. పదిహేనో తారీఖు దాటాక అదే పాస్‌బుక్ మళ్లీ నా బల్ల మీదికి వస్తుంది. ముప్పై వేలు పడిన ఖాతాలో మూడు వందలుంటాయి. "ఎటు పోయినయో తెల్వదు కాకా" అంటారు.

ఎటు పోయాయో తెలుసుకునే పద్ధతి, వాటిని కొంతైనా నిలబెట్టుకునే పద్ధతి నాకు తెలిసినంత రాస్తాను. దుబాయ్‌లో ఉన్న తమ్ముళ్లు చదివితే మంచిదే. కానీ పాస్‌బుక్ పట్టుకునే అక్కచెల్లెళ్లు తప్పకుండా చదవాలి.

ముందొక పెద్ద లెక్క. రిజర్వ్ బ్యాంక్ లెక్కల్లో 2024–25లో బయటి దేశాల్లోని మనవాళ్లు ఇళ్లకు పంపింది 13,500 కోట్ల డాలర్లకు పైనే. ఇలా వచ్చే సొమ్ములో ప్రపంచంలో మనదే మొదటి స్థానం. 2023–24 సర్వేలో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. ఒకప్పుడు సగానికి దగ్గరగా ఉన్న గల్ఫ్ దేశాల వాటా 38 శాతానికి దిగింది, అమెరికా 28 దగ్గర ఉంది. అమెరికా పైసలు ఎక్కువగా హైదరాబాద్ చుట్టూ ఫ్లాట్లవుతాయి. గల్ఫ్ పైసలు ఊళ్లకు వస్తాయి. వచ్చి ఊళ్లో ఎంతసేపు ఉంటాయన్నదే నా గొడవ.

మూడు గడుల నోటుబుక్కు

పదిహేను రూపాయల నోటుబుక్కు ఒకటి కొనండి. పేజీ మీద రెండు నిలువు గీతలు కొట్టండి. మూడు గడులు: "వచ్చింది", "ఊళ్లో తిరిగింది", "ఊరు దాటింది". ఒక్క నెల రాయండి చాలు.

మా వాడకట్టు చెల్లె ఒకామె రాసి తెచ్చింది చూపిస్తాను. భర్త 1,300 దిర్హాములు పంపాడు, ఇంట్లో 30,000 పడ్డాయి. మిత్తి (వడ్డీ) 4,800. పిల్లల స్కూలు, బస్సు 5,000. కిరాణం 6,500. చిట్టీ 5,000. ఫోను, టీవీ కిస్తీలు 3,200. ఆసుపత్రి 1,500. పాలు, కూరగాయలు, దర్జీ, ఒక రోజు కైకిలి (కూలి) కలిపి 2,500. చేతిలో మిగిలింది 1,500.

ఇప్పుడు గడులు నింపండి. మిత్తి కోరుట్ల సేటుకు పోయింది. స్కూలు మెట్‌పల్లిలో. కిస్తీలు ఏ పట్నానికో. చిట్టీ పాడుకున్నవాడు జగిత్యాలలో. కిరాణం దుకాణం ఊళ్లోదే గానీ సరుకంతా బయటిది, దుకాణదారుకు మిగిలేది నూటికి పదో పన్నెండో. "ఊళ్లో తిరిగింది" గడిలో ఆ 2,500, కిరాణం లాభం కొంత, అంతే. ముప్పై వేలల్లో మూడు వేల చిల్లర. మిగతాది ఊరిని తాకి పోయింది, మన చెరువు మత్తడి దుంకినట్టు.

బయటికి పోయిందల్లా దండగ అనను. పిల్ల చదువు దండగ కాదు. కానీ ఆ చెల్లె రాసి చూసుకున్నాకే ఒక సంగతి గమనించింది. ఆమె కట్టే మిత్తి, ఆ ఇంట్లో పాలకూ కూరగాయలకూ దర్జీకీ కైకిలికీ కలిపి పెట్టేదానికి దాదాపు రెండింతలు.

ముందు మిత్తి తెగాలి

నా సొంత లెక్క చెబుతాను. 1999లో వీసా కోసం 65,000 తెచ్చాను, నూటికి మూడు రూపాయల మిత్తి. జీతం 600 దిర్హాములు. దిర్హామ్‌కు పన్నెండు రూపాయలకు కాస్త తక్కువ వచ్చేది. తిండికి 200 పోగా 400 దిర్హాములు పంపేవాణ్ని, ఇంట్లో 4,700 లోపు పడేవి. మొదటి నెల మిత్తే 1,950. నా భార్య ఇల్లు ఒక పదిహేను వందలతో, తాను చుట్టిన బీడీల పైసలతో నడిపి, నెలకు 3,200 సేటుకు కట్టేది. రెండేళ్ల కాంట్రాక్టు అయ్యేసరికి 76,800 కట్టింది. తీసుకున్నది 65,000. ఇంకా 22,000 బాకీ ఉందన్నాడు సేటు. నేను నమ్మలేదు. సెలవుకు వచ్చి ఇద్దరం లాంతరు పెట్టుకొని కూర్చుని కూడితే సేటు లెక్కే కరెక్టు.

ఆ రెండేళ్లు ఎండలో నేను కొట్టిన మేకుల్లో సగం సేటు ఇంటివే.

కాబట్టి ఇంకా పోనివాళ్లకు మొదటి మాట. వీసా ఖర్చు ఎంత అన్నదొక్కటే అడగకండి, ఆ పైసలు ఎంత మిత్తికి తెస్తున్నారో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు చట్టప్రకారం తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే రశీదు అడగండి, గొంతు మారుతుంది. ఏజెంటు అసలైనవాడో కాదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్లో చూడొచ్చు. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ఉంటుంది. గల్ఫ్ దేశాలు కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. "విజిట్ వీసా మీద పో, ఆడికి పోయినంక మార్పిస్త" అనేవాడు ఆ క్లియరెన్స్‌నే తప్పిస్తున్నాడు. అక్కడ పట్టుబడేది మీరు. ఎక్కడైనా పని చేసుకోవచ్చంటూ అమ్మే ఆజాద్ వీసా కొని ఖల్లివెల్లి (కాగితాలు లేనివాళ్లు) అయినవాళ్లు ప్రతి ఊళ్లో నలుగురుంటారు, వాళ్లను అడగండి.

అప్పు తప్పదంటే సేటు కన్నా ముందు రెండు తలుపులు తట్టండి. ఒకటి మహిళా సంఘం: సంఘం పేరున బ్యాంకు ఇచ్చే లింకేజీ అప్పు గానీ, సంఘాలకు అప్పిచ్చే స్త్రీనిధి గానీ. రెండోది ఇంట్లోని బంగారం మీద బ్యాంకు అప్పు. ఏడాదికి తొమ్మిది, పది శాతమంటే మన భాషలో ముప్పావలా మిత్తి చిల్లర. పుస్తెలతాడు బ్యాంకులో పెట్టడానికి మనసొప్పదు, తెలుసు. కానీ ముప్పావలా ఎక్కడ, మూడు రూపాయలు ఎక్కడ.

ఇప్పటికే సేటు దగ్గర బాకీ ఉంటే, పైసలు పడిన రోజే కట్టండి. మిత్తితో ఆపకుండా అసలులో కొంత కట్టండి. కట్టిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనకాల రాయించండి. అంతా అయ్యాక నోటు చేతిలోకి తీసుకొని అక్కడే చింపండి. "అయిపోయింది పో బిడ్డా" అన్న మాట తీసుకొని ఇంటికి వస్తే, నోటు మాత్రం ఆయన డ్రాయర్లోనే బతికి ఉంటుంది.

పంపేటప్పుడు అడగాల్సిన ఒక్క మాట

ఎక్స్ఛేంజ్ కౌంటర్ దగ్గర మనవాళ్లు "రేటెంత?" అని అడుగుతారు. తప్పు ప్రశ్న. రేటు ఎక్కువ చూపినవాడు చార్జి ఎక్కువ లాగుతాడు, చార్జి లేదన్నవాడు రేటు తగ్గిస్తాడు. "నా జేబులోంచి వెయ్యి దిర్హాములు ఇస్తే ఇంట్లో ఎన్ని రూపాయలు పడతయి?" అని అడగండి. ఒకే అంకె చెప్పమనండి. రెండు చోట్ల, ఒక యాప్‌లో అడిగి చూస్తే తేడా తెలుస్తుంది. వెయ్యి దిర్హాముల మీద రేటులో పది పైసల తేడా వంద రూపాయలు. ఒక్కసారి పంపితే పట్టే చార్జిని, మూడు ముక్కలుగా పంపితే మూడుసార్లు కడతారు. నెలకు ఒక్కసారి పంపండి, అక్క పెళ్లికి అడ్వాన్సు లాంటి అర్జెంటు వస్తే తప్ప.

దిర్హామ్ పెరిగిందని సంబరపడేవాళ్లకు చిన్న సంగతి. దిర్హామ్ పెరగదు. 1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హాముల దగ్గర కట్టేసి ఉంది. సౌదీ రియాల్ కూడా అంతే, 3.75. పెరిగినట్టు కనిపించేది మన రూపాయి పడడం. 2013 ఆగస్టులో రూపాయి జారితే మస్కట్‌లో ఒమానీ రియాల్ 170 రూపాయలు దాటింది. మా క్యాంపులో పక్కవాళ్ల దగ్గర బదులు తీసుకొని మరీ పంపారు. ఆ తర్వాత ఆర్నెల్లు బదులు తీర్చారు. ఇక్కడ పెట్రోలు, మంచినూనె, బంగారం ధర అదే డాలరుతో పెరిగింది. ఎక్కువ వచ్చిందనుకున్న దాంట్లో సగం కిరాణం కొట్లోనే దిగిపోయింది.

ఇక హుండీ, అంటే బ్యాంకు లేకుండా చేతుల మీదుగా పైసలు పంపే దారి. రేటు మంచిగిస్తాడు, రాత్రి పదింటికైనా ఇంటికి తెచ్చిస్తాడు, కాగితం అడగడు. కానీ హుండీలో మీ దిర్హామ్ అక్కడే ఉండిపోతుంది, ఇక్కడ మీ ఇంటికి వచ్చేది ఇంకెవడిదో రూపాయి. దేశానికి డాలరు రాదు. డాలరు రాకపోతే మాకేంది అంటారా? 1990లో ఇరాక్ కువైట్‌ను పట్టుకున్నప్పుడు లక్షా డెబ్బై వేల మందికి పైగా మనవాళ్లను విమానాల్లో తెచ్చారు. చమురు ధర ఎగిరింది. ప్రవాసుల డిపాజిట్లు వెనక్కి పోయాయి. 1991లో దేశం దగ్గర దిగుమతులకు కొన్ని వారాలకు సరిపడా డాలర్లే మిగిలి, రిజర్వ్ బ్యాంక్ 47 టన్నుల దాకా బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టింది. మనింట్లో పుస్తెలు పెట్టినట్టే. ఇందులో నేను గమనించిందేమిటంటే, వడ్డీ కోసం వచ్చిన ప్రవాసుల డిపాజిట్ భయపడితే తిరిగి పోతుంది. కూలోడు ఇంటికి బియ్యం కోసం పంపింది తిరిగి పోదు. పెద్ద ప్రవాసులకు సన్మానాలు జరుగుతుంటాయి, జరగనీయండి.

మీ సొంత నష్టం వేరే ఉంది. హుండీ మొదటికే చట్టవిరుద్ధం. ఎవడైనా ఎగ్గొడితే పోలీసు దగ్గరికి పోలేరు. రేపు ఇంటికి లోను అడిగితే "మీ ఆదాయం చూపించండి" అంటారు, పదేళ్లు పంపిన పైసలు ఏ కాగితం మీదా ఉండవు.

ఏ ఖాతాలో

భార్య ఖాతాకు నేరుగా పంపితే తప్పేమీ లేదు. ఇంటి ఖర్చుకు అదే సులువు. మొత్తం అందులోకే పంపడం దగ్గర నాకు అభ్యంతరం. రెండు పాయలు చేయండి. ఖర్చుది భార్య ఖాతాకు. మిగిల్చేది మీ పేరున ఎన్ఆర్ఈ ఖాతాకు, అంటే బయటి దేశంలో సంపాదించింది దాచుకునే ఖాతాకు. ఎన్ఆర్ఈ మీద వచ్చే వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు, కావాలంటే సొమ్ము మళ్లీ బయటికి తీసుకుపోవచ్చు. మీరు పోకముందు తెరిచిన పాత సేవింగ్స్ ఖాతాను బ్యాంకుకు చెప్పి ఎన్ఆర్ఓగా (ప్రవాసుల మామూలు ఖాతాగా) మార్పించాలి, చాలామంది ఈ పని చేయరు. నామినీ పేరు తప్పకుండా రాయించండి. పెళ్లికి ముందు అమ్మ పేరు రాసి, అమ్మ పోయాక కూడా మార్చని పాస్‌బుక్‌లు నా దగ్గరికి ఎన్నో వస్తాయి.

ఇంకో చిత్రం. బ్యాంకులో రెండు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటుంది, ఆరేడు శాతం వస్తుంది. చెల్లె పెళ్లికని సేటు దగ్గర రెండు రూపాయల మిత్తికి లక్ష తెస్తారు. రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. "డిపాజిట్ ముట్టద్దు కాకా, అది పిల్లది" అంటారు. ముట్టక్కర్లేదు. దాని మీదే అప్పు తీసుకోవచ్చు, డిపాజిట్ వడ్డీ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది. ఇది చెప్పి నేను ఇద్దరిని సేటు గడప తొక్కకుండా ఆపాను. మూడో ఆయన వినలేదు, సేటు ఆయనకు బావ వరస.

మా డిపాజిట్లన్నీ కలిపి బ్యాంకు ఎవరికి అప్పిస్తుందని ఒకసారి మేనేజరుగారిని అడిగాను. నవ్వి, "మీ ఊరు అడిగితే మీ ఊరికే" అన్నారు. అడిగేవాళ్లు లేరు. పాడి బర్లకో, పసుపు ఉడకబెట్టే మిషనుకో, సెంట్రింగ్ సామానుకో ఎవరైనా అడగాలి. దుబాయ్ నుంచి వచ్చిన ఒక తమ్ముడు అడిగాడు. ఇప్పుడు అతని సెంట్రింగ్ పలకలు నాలుగు ఊళ్లకు కిరాయికి పోతున్నాయి, నలుగురికి రోజూ పని. ఈ ఒక్క ఇంటి పేజీలోనే "ఊళ్లో తిరిగింది" గడి నిండింది.

భూమి దగ్గర ఆగండి

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే.

1999లో రోడ్డుకు దగ్గరి ఎకరం నా ముప్పై నెలల పొదుపుకు వచ్చేది. మొన్న నా మేనల్లుడు అదే రోడ్డు పక్కన ఎకరం అడిగి, తన పొదుపుతో లెక్కేసుకుంటే పద్దెనిమిదేళ్లు. వాడు నాకన్నా ఎక్కువ పంపుతాడు, దిర్హామ్‌కు రెండింతల రూపాయలు వస్తాయి, అయినా అంతే. ధర ఎవరు పెంచారు? రోడ్డు, కాలువ నీళ్లు, పట్నం వ్యాపారులు కొంత. మిగతాది మేమే. సెలవుకు వచ్చిన ఆరుగురు ఒకే ఎండాకాలంలో ఒకే నాలుగెకరాలు అడిగితే అమ్మేవాడు ఎందుకు తగ్గుతాడు? ఆ ధరకు దుబాయ్ పోయినవాడు కష్టం మీద కొంటాడు. గల్ఫ్‌లో ఎవరూ లేని ఇల్లు కొనలేదు. మా ఊళ్లో అలాంటి ఇళ్లవాళ్లు కౌలుకే దున్నుతున్నారు, కౌలు కూడా భూమి ధర చూసి పెరిగింది. పంపిన పైసలు పోయినవాడి ఇంటికే వచ్చినా, ధర మాత్రం ఊరందరికీ పెరుగుతుంది. అందుకే కొనకముందు నెలల్లో లెక్కేయండి: ఈ ఎకరం నా ఎన్ని నెలల పొదుపు, అది ఏడాదికి ఎన్ని నెలల పొదుపంత పంట ఇస్తుంది? మేనల్లుడికి వచ్చిన జవాబు ఏడాదికి నెలన్నర.

చట్టం సంగతి. ఎన్ఆర్ఐగా ఉన్నవాడు వ్యవసాయ భూమి తన పేరున కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇంటి జాగా, ఇల్లు కొనొచ్చు. ఇక్కడ ఉండే భార్య తన పేరున సాగుభూమి కొనుక్కోవచ్చు, మా దగ్గర అందరూ చేసేది అదే. అన్న పేరునో బావమరిది పేరునో పెట్టకండి. పెట్టి మాట్లాడుకోని అన్నదమ్ములను నేను పేరుపేరునా చెప్పగలను, చెప్పను.

నేను 2003లో నా భార్య పేరున ముప్పై గుంటలు సాదా బైనామా మీద కొన్నాను. తెల్లకాగితం, రెవెన్యూ స్టాంపు, ఐదుగురు సాక్షులు, ఒక మేకపోతు. "రిజిస్ట్రేషన్ మళ్లొచ్చినప్పుడు చేసుకుందాం" అన్నారు. మళ్లీ వచ్చేసరికి అమ్మినాయన లేడు. కొడుకులు "మాకు నాయిన చెప్పలే" అన్నారు. సాక్షుల్లో ఇద్దరు అప్పటికే గల్ఫ్‌లో. 2011లో ఆ భూమికే మళ్లీ సగం పైసలు కట్టి రిజిస్టరు చేసుకున్నాం. ఆ సగం నా పద్దెనిమిది నెలలు.

కాబట్టి తెల్లకాగితం మీద కొనకండి. పట్టాదారు పాసుపుస్తకం చూడండి, అమ్మేవాడి పేరు రికార్డులో ఉందో లేదో చూడండి (ధరణి పోయి 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది, అందులో చూసుకోవచ్చు), ఈసీ తీయండి, అంటే ఆ భూమి మీద పాత అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం. సెలవు దొరక్క ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తే అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపండి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అందులో ఏ పని కోసం ఇస్తున్నారో ఆ ఒక్క పనే రాయండి. "సర్వాధికారాలు" అన్న మాట కనబడితే కొట్టేయించండి.

ఇల్లు

ఇల్లు కట్టొద్దని చెప్పే మొహం నాకు లేదు, నేనూ కట్టాను. పైగా ఊళ్లో మేస్త్రీలకు, కూలీలకు పని దొరికేది ఇళ్ల వల్లే. సిమెంటు, ఇనుము పైసలు బయటికి పోయినా కూలి ఊళ్లో ఉంటుంది. కానీ మిత్తికి తెచ్చి పైఅంతస్తు వేయకండి. కింద స్లాబు వేసి చువ్వలు పైకి వదిలేయండి, వచ్చే సెలవుకో ఆ పై సెలవుకో చూడొచ్చు. మా ఊళ్లో రెండంతస్తుల ఇళ్లు కొన్నింటికి తాళాలున్నాయి. ఒకదాంట్లో అవ్వ ఒక్కతే కింది వరండాలో మంచం వేసుకొని ఉంటుంది, పైకి ఎక్కి చూడనే లేదట, మోకాళ్లు.

పెళ్లిళ్ల గురించి రాయను. కట్నం ఎలా పెరిగిందో అందరికీ తెలుసు, దుబాయ్ పిల్లగాడని పెంచిందీ మనమే.

నాట్లప్పుడు

మనవాళ్లు అక్కడికి పోతే ఇక్కడి పని ఎవరు చేస్తున్నారో ఒకసారి చూడండి. వానాకాలం నాట్లకు మా దిక్కు బెంగాల్, బీహార్ నుంచి గుంపులు వస్తాయి. ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకొని, పొద్దుగూకేలోపు నాటేసి పోతారు. వారానికోసారి వాళ్ల గుంపు పెద్ద నా గదికి వస్తాడు, ఇంటికి పైసలు పంపడానికి. ఒకే బల్ల, ఒకే మిషను: పొద్దున దుబాయ్ పైసలు తీసి ఇస్తాను, సాయంత్రం బెంగాల్‌లోని మాల్దాకు పంపిస్తాను. పోయిన ఏడు వచ్చిన మొదటి రోజే అతను హిందీలో అడిగాడు, నేను వెయ్యి ఇస్తే మా ఇంట్లో ఎంత పడుతుంది అని. మన తమ్ముళ్లకు పదేళ్ల నుంచి నేర్పిస్తున్న మాట. చార్జి పోగా ఎంతో చెప్పాను. ఇంకో దుకాణంలో అడిగి వచ్చి మళ్లీ నా దగ్గరే పంపాడు.

నోటుబుక్కులో నాట్ల కూలి ఏ గడిలో రాయాలని ఒక చెల్లె అడిగింది. "ఊరు దాటింది"లోనే రాయమన్నాను.

ఆపద వస్తే

ఈసీఆర్ మీద పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. పోయేటప్పుడు ఏజెంటు చేయిస్తాడు, గడువు తీరాక ఎవరూ గుర్తు చేయరు. పాలసీ కాగితం ఫోటో ఇంట్లో ఉండాలి, తారీఖు క్యాలెండరు మీద రాసుకోండి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తుంది, దానికి కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టాలి. జీతం ఆగినా, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పాస్‌పోర్టు పట్టుకున్నా విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఇక్కడి నుంచి ఇంట్లోవాళ్లు కూడా పెట్టొచ్చు. ఫిర్యాదు నంబరు రాసుకోండి.

వాపసు లెక్క

పోయేటప్పుడే తిరిగి వచ్చే లెక్క వేసుకోవాలి. నేను వేసుకోలేదు. 2009 చివర్లో దుబాయ్‌లో కట్టడాలు ఆగిపోయాయి. మా కంపెనీ మూడు నెలల జీతం ఇవ్వకుండానే క్యాంపుకు తాళం వేసింది. పని వదిలేటప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన పదేళ్ల గ్రాచ్యుటీ కూడా పోయింది. అడగడానికి నా దగ్గర కాంట్రాక్టు కాగితం లేదు, జీతం చీటీలు లేవు. బనియన్ల మూటతో దిగి, ఏడాది తిరగకుండానే మస్కట్ వీసాకు మళ్లీ సేటు దగ్గరికే పోయాను.

యూఏఈలో ఏడాది నిండితే గ్రాచ్యుటీ మీ హక్కు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి 30 రోజులు. బేసిక్ 1,000 దిర్హాములున్నవాడు ఆరేళ్లు చేస్తే 135 రోజులది, అంటే 4,500 దిర్హాములు. అలవెన్సులు దీంట్లోకి రావు, అందుకే కాంట్రాక్టులో బేసిక్ ఎంతో సంతకం చేయకముందే చూడాలి. కాంట్రాక్టు, వీసా పేజీ, లేబర్ కార్డు, ప్రతి నెల జీతం చీటీ ఫోటో తీసి ఇంటికి పంపండి. ఫోను పోయినా ఇంట్లో ఉంటాయి.

తర్వాత ఈ పోలిక చేయండి. హైదరాబాద్‌లో గానీ కరీంనగర్‌లో గానీ మీ పనికే మేస్త్రీ రోజు కూలి ఎంతో కనుక్కొని ఇరవై నాలుగుతో గుణించండి. గది కిరాయి, తిండి తీసేయండి. మిగిలిందీ, దుబాయ్ నుంచి మీరు పంపేదీ పక్కపక్కన రాయండి. దుబాయ్ పక్కన వీసా అప్పు మిత్తి, రెండేళ్లకోసారి టికెట్టు, సెలవుకు వచ్చినప్పుడు పెట్టెల్లో తెచ్చే సబ్బులు, సెంట్లు, చాక్లెట్లు అన్నీ తీసేయండి. కొందరికి తేడా ఇంకా పెద్దగానే ఉంటుంది, వాళ్లు ఉండొచ్చు. కొందరికి నాలుగైదు వేలే ఉంటుంది. పోయిన ఏడాది ఒక తమ్ముడు నా బల్ల మీదే ఈ లెక్క చేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకొని మాట్లాడకుండా పోయాడు. టికెట్టు మాత్రం రద్దు చేసుకున్నాడు.

వచ్చే నెల ఐదో తారీఖున వచ్చేవాళ్లు పాస్‌బుక్‌తో పాటు మూడు గడుల నోటుబుక్కు కూడా తెండి, కూడి చూద్దాం. గది పొద్దున తొమ్మిదింటికి తెరుస్తాను. బీడీలు చుట్టే అక్కలు ముందు రండి. తంబాకుకు, కత్తెరకు గీతలు అరిగిపోయి మిషను మీ వేలు ఒక పట్టాన గుర్తుపట్టదు. చేతులు సబ్బుతో కడుక్కొని, బొటనవేలికి చుక్క కొబ్బరినూనె రాసుకొని వస్తే రెండోసారికో మూడోసారికో తీసుకుంటుంది.